టైరు చూడకుండా పెట్టిన సంతకం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బెల్లంపల్లిలో అవ్వ నీ ఫొటో ముందు కోడికూర, కల్లు పెట్టి ఉంటుంది. నేను వెళ్లలేదు. ఇవాళ మొదటిసారి లోడు లారీ నడపాలని కరీంనగర్‌లోనే ఆగిపోయాను.

నీ దోస్తు యాదగిరి కాకే తన లారీ మీద నేర్పుతానన్నా వినలేదు. ఫీజు లేదు, నౌకరీ ఖాయం అన్నారని గ్రానైట్ కంపెనీ వాళ్ల డ్రైవింగ్ స్కూల్లో చేరాను. రెండేళ్లు వాళ్ల బండే నడుపుతానని రాయించుకుని, నా లైసెన్సు బీరువాలో పెట్టుకున్నారు. మొదటి వారమంతా నేర్పింది, కుర్చీలోంచి లేవకుండా బండి తనిఖీ కాగితం నింపడం. బ్రేకులు బాగున్నాయి, టైర్లు బాగున్నాయి అని టిక్కులు కొట్టి సంతకం పెట్టాలి. ఇవాళ కూడా పెట్టాను.

తీరా బండి దగ్గరికి వెళ్లాక, లారీ ఎక్కే ముందు నువ్వు రోజూ చేసే పని గుర్తొచ్చింది. ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చూశాను. వెనక లోపలి టైరు చచ్చిన చప్పుడు చేసింది. గాలి లేదు. మాస్టరుకు చెబితే ఆ కాగితం నా మొహం ముందు ఆడించాడు.

"అన్ని మంచిగున్నయని నువ్వే రాసిచ్చినవ్ కదరా. పేలితే నీ మీదనే పడతది. నడువ్, ఎక్కు."

తాళంచెవి ఆయన బల్ల మీద పడేసి వచ్చాను. లైసెన్సు ఇవ్వనన్నాడు. వాడిని చూస్తే అసహ్యం వేసింది. బస్టాండుకు నడుస్తూ నన్ను తలుచుకున్నా అదే.

నువ్వు వేలిముద్ర వేసే మనిషివి. వేసే ముందు ఏం రాసుందో ఎవరితోనైనా చదివించుకునేవాడివి. ఆ కాగితం కింద ఉన్నది, నువ్వు బడికి పంపి నేర్పించిన నా సంతకం.