ఊడదీయగల పట్టాలు

ఒరేయ్ వెర్నన్,

నా బొమ్మరైలుకి నువ్వు చెప్పిన పొడుగు పట్టాలు వద్దు. రెడీమేడ్ ముక్కలే పంపు. "అవి పిల్లకాయలకిరా, సిగ్గులేదూ!" అని మన బొమ్మరైళ్ళ క్లబ్బంతా వినేలా అరుస్తావని తెలుసు. నిజమే, వంపు తిరగడంలో పొడుగువాటి అందమే వేరు. కానీ వాటిని జిగురూ కంకరా పోసి బల్లకి అంటించెయ్యాలి. మళ్ళీ తియ్యాలంటే పగలగొట్టాల్సిందే. అన్నయ్య పోయాక వాడి రైలుబల్ల మీద వదిన గొడ్డలి పట్టుకుని ఆ పని చేయడం నేను చూశాను.

నేను క్రిస్మస్ చూస్తానని డాక్టరు గట్టిగా చెప్పలేకపోతున్నాడు. ముక్కలైతే మా ఆవిడ ఐరిస్ ఒక్కొక్కటీ ఊడదీసి పెట్టెలో సర్దుకోగలదు.

తనకింకా చెప్పలేదు. నిన్న కేటలాగు చూసి, "పిసినారితనం చెయ్యకు. కలకాలం ఉండేవే కొనుక్కోవయ్యా," అంది.

త్వరగా పంపు.