కుడివైపు మొదటి మెట్టు

1983 సెప్టెంబర్ 5, సోమవారం. లేబర్ డే సెలవు.

మధ్యాహ్నం పక్కింటి వాల్ట్ వచ్చాడు. ఎప్పటిలాగే ద్వారబంధం పట్టుకుని కాసేపు ఆగి, మూలిగి, లోపలికి అడుగుపెట్టాడు. ఏప్రిల్‌లో కుడి మోకాలికి సర్జరీ అయినప్పటి నుంచీ ఇదే వరస. ఈ ట్రాయ్ ఊరి హైస్కూల్లో పిల్లలకి బ్యాండ్ నేర్పి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్లు. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు.

అక్టోబర్ ఒకటిన ఆర్చరీ సీజన్ మొదలవుతుంది. లపీర్‌లో అతని వదిన డొరొతీకి పొలం ఉంది. అక్కడ ఒక మేపుల్ చెట్టు మీద కూర్చుని జింకల మీద బాణాలు వెయ్యడం వాల్ట్‌కి పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. ఇన్నాళ్లూ చెక్క నిచ్చెన మోసుకెళ్లేవాడు. ఇప్పుడది ఎత్తలేడు. చెట్టుకి బిగించుకునే తేలికపాటి స్టెప్పులు దొరుకుతాయట, మంచివి చూసి కట్టిపెట్టమని అడిగాడు. బోల్టులూ బకిల్సే నీ ఉద్యోగం కదా, నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది భాస్కర్ అన్నాడు.

అసలు సంగతి లేచేటప్పుడు చెప్పాడు. ఫీనిక్స్‌లో ఉన్న కూతురు కేరెన్ ఇల్లు అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమంటోంది. ఈ సీజన్‌లో ఎప్పటిలా చెట్టెక్కి దిగితే సరే, పడ్డావో మర్నాడే ఇంటి ముందు ఫర్ సేల్ బోర్డు పెట్టిస్తానందట. వాల్ట్‌కి ఫీనిక్స్ ఇష్టం లేదు. ఎక్కడానికి అక్కడ కాక్టస్ తప్ప ఏమీ లేదన్నాడు.

చూస్తానన్నాను.

సెప్టెంబర్ 6

మా ఆవిడ వసుమతికి చెప్పాను. కోడిగుడ్డు కూడా రానివ్వని ఇంట్లోంచి జింకల్ని చంపడానికి మెట్లు వెళ్తాయా అంది. చంపేది నేను కాదు కదా అన్నాను. ఎక్కించినవాళ్లకి కూడా పాపంలో వాటా ఉంటుందంది. నా వాటా ఎంతో వాల్ట్‌తో మాట్లాడి తేల్చుకుంటానన్నాను. నవ్వలేదు. రాత్రి పెరుగు నేనే వేసుకున్నాను.

సెప్టెంబర్ 10, శనివారం

వేట సామాన్ల షాపుకి వెళ్లాను. అక్కడ సూటు వేసుకున్నవాణ్ణి, మాంసం తిననివాణ్ణి నేనొక్కణ్ణే.

మూడు రకాలు చూపించారు. మొదటిది మర ఉన్న ఉక్కు స్టెప్పు. చెట్టులోకి తిప్పి దించడమే. చవక, గట్టి. కానీ షాపులోంచే ఫోన్ చేస్తే డొరొతీ ఒప్పుకోలేదు. ఆ చెట్ల నుంచే మార్చిలో తియ్యటి మేపుల్ సిరప్ తీస్తుంది, వాటిలోకి ఇనుము దింపితే వాల్ట్‌ని పొలంలో అడుగు పెట్టనివ్వనంది. రెండోది గొలుసుతో కట్టేది. బరువు, పైగా గలగలమంటుంది. జింక అది విని ఇంటికెళ్లి పడుకుంటుంది. మూడోది మడత పడే అల్యూమినియం స్టెప్పు. నైలాన్ స్ట్రాప్ చెట్టు చుట్టూ తిప్పి బకిల్‌లో లాగి బిగిస్తారు. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు. శాంపిల్‌కి ఒకటి తెచ్చాను.

సెప్టెంబర్ 11

నిన్న సాయంత్రం స్టెప్పుని మా పెరట్లో చెట్టుకి కట్టి, ఇసుక బస్తాలు వేలాడదీసి, హోస్‌తో తడిపి వదిలేశాను. పొద్దున చూస్తే కిందికి జారి ఉంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

స్ట్రాప్ మార్చాలి. మా కార్ల కంపెనీ ల్యాబ్‌లో టెస్టులకి పోను మిగిలిన సీట్ బెల్ట్ పట్టీలు చెత్తలో పడేస్తారు. అది పాలిస్టర్. సాగదు.

నేను పెరట్లో బస్తాల మధ్య తిరుగుతుంటే వసుమతి వంటింటి కిటికీలోంచి చూసింది. కర్టెన్ వేసేసింది.

సెప్టెంబర్ 18, ఆదివారం

మిగతా స్టెప్పులు కూడా కొని కొత్త పట్టీలు కుట్టించాను. నాలుగు రోజులు తడిపాను, ఆరబెట్టాను. కదల్లేదు.

ఇక బరువు. పెట్రోలు కోసం బంకుల ముందు కార్లు బారులు తీరిన రోజుల నుంచీ ఆఫీసులో ఒకటే పాట, కారు బరువు తగ్గించండి, తగ్గించండి అని. ఆ పాట ఒంట్లోకి ఎక్కేసింది. స్టెప్పులకి అక్కర్లేని చోటల్లా డ్రిల్ చేశాను. తర్వాత అసలు స్టెప్పులే తగ్గించాను. ఒకటి కుడి, ఒకటి ఎడమ, మధ్య ఎడం కాస్త పెంచితే తక్కువతోనే పైదాకా వెళ్లొచ్చు. గ్రాఫ్ పేపర్ మీద గీసి వాల్ట్‌కి చూపించాను. మ్యూజిక్ షీటులా ఉందన్నాడు. మొత్తం సంచీ చిటికెన వేలికి తగిలించుకుని మా డ్రైవ్‌వేలో అటూ ఇటూ ఊరేగాడు.

నాకు గర్వంగానే ఉంది. కాదని రాయడం ఎందుకు.

సెప్టెంబర్ 24, శనివారం

వాల్ట్‌కి జలుబు. ఒక్కణ్ణే లపీర్ వెళ్లి కట్టి వచ్చాను.

బెరడు మీద పాచి గీకేశాను. నడుముకి బెల్టు వేసుకుని దాన్ని చెట్టు చుట్టూ తిప్పుకున్నాను. మొదటి స్టెప్పు కుడివైపు, మోకాలికి కొంచెం పైన. స్ట్రాప్ మెలిపడకుండా చుట్టి, బకిల్ లాగి, కాలు పెట్టి ఒంటి బరువంతా వేసి ఊగాలి. అప్పుడు స్టెప్పు పళ్లు బెరడుని కరుచుకుంటాయి. తర్వాత మళ్లీ బకిల్ లాగాలి. దాని మీద నిలబడి రెండోది ఎడమవైపు. అలా వాల్ట్ పీట దాకా. ఆ పీటని ట్రీ స్టాండ్ అంటారు. కాసేపు దాని మీద కూర్చున్నాను. మొక్కజొన్న చేలు కనిపించాయి. వాల్ట్ ఏటా ఇక్కడికి ఎందుకొస్తాడో కొంచెం అర్థమైంది.

దిగాక డొరొతీ కాఫీ తెచ్చింది. వాల్ట్‌కి బాగాలేనిది ఏ కాలు అని అడిగింది. కుడి అని చెప్పి కాఫీ తాగాను.

సెప్టెంబర్ 30

వాన లేదు. రేపే.

అక్టోబర్ 1, శనివారం. ఉదయం పదకొండు

వాల్ట్ పడ్డాడు.

తెల్లవారకముందే చెట్టు దగ్గరికి చేరాం. నడుముకి బెల్టు నేనే బిగించాను, దాన్ని చెట్టు చుట్టూ తిప్పుకునేది మొదటి స్టెప్పు ఎక్కాక. వాల్ట్ టార్చ్ వేసి మొదటి స్టెప్పు చూశాడు. నా వైపు చూసి నవ్వాడు. కుడికాలు దాని మీద పెట్టి లేచాడు. మోకాలు నిలవలేదు. వెల్లకిలా ఆకుల్లో పడ్డాడు. నడుం పట్టేసింది, మోచెయ్యి గీరుకుపోయింది. ఎక్స్‌రే తీశారు, ఎముకలు విరగలేదు.

స్టెప్పు అణువంత కూడా కదల్లేదు. నేను ముందు చూసింది అదే. ఆ తర్వాతే వాల్ట్‌ని లేపాను. ఇది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 2

డొరొతీ కేరెన్‌కి ఫోన్ చేసింది. కేరెన్ శుక్రవారం వస్తోంది. రియల్ ఎస్టేట్ ఆవిడతో అప్పుడే మాట్లాడేసిందట.

ట్రాయ్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. పార్టీలకి పిలుస్తారు, వెళ్తాం. కానీ పని లేకపోయినా వచ్చి కూర్చునేవాడు వాల్ట్ ఒక్కడే. అతను వెళ్లిపోతే నాకు దిగులుగా ఉంటుంది. ఇవాళంతా అదే ఆలోచన.

అక్టోబర్ 3

వసుమతి చారు పట్టుకుని వాల్ట్‌ని చూసి వచ్చింది. వచ్చినదగ్గర్నుంచి ఏదోలా ఉంది. అడిగితే చెప్పింది.

అంత ఎత్తు మెట్టు మీదికి జబ్బు కాలు ఎందుకు పెట్టారని అడిగిందట. ఎడమకాలు పెట్టాలనే అనుకున్నానన్నాడట వాల్ట్. కానీ మొదటి స్టెప్పు కుడివైపు ఉండటం చూసి, మా ఇంటి గృహప్రవేశం గుర్తొచ్చిందట. ఆరోజు కేక్ పట్టుకుని వచ్చిన అతన్ని వసుమతి గుమ్మంలో ఆపి, కుడికాలు ముందు పెట్టి రమ్మంది. మంచిదని చెప్పింది. భాస్కర్ నా మంచి కోరి అలా కట్టాడనుకున్నాను, కాదంటే బాగుండదని కుడికాలే పెట్టాను అన్నాడట. గృహప్రవేశం నుంచీ మా ఇంట్లోకి ఎప్పుడొచ్చినా కుడికాలే పెడుతున్నాడట. సర్జరీ తర్వాత కూడా. నేనెప్పుడూ చూడలేదు.

కుడివైపు ఎందుకు కట్టానా అని గ్రాఫ్ పేపర్ తీసి చూశాను. దాని మీద కారణమేమీ లేదు. కొత్తది ఏదైనా కుడికాలితోనే మొదలవుతుంది. అది నేను ఆలోచించి చేసిన పని కాదు. స్ట్రాప్ తడిపి చూశాను, ఇసుక బస్తాలు వేలాడదీశాను. ఎక్కే మనిషి కాలు మాత్రం లెక్కలోకి రాలేదు.

అక్టోబర్ 4

వాల్ట్ ఫిజికల్ థెరపిస్ట్‌కి ఫోన్ చేశాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు జబ్బు కాలు ముందు అంది. మధ్యలో ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ కలుసుకోవాలంది. అంటే స్టెప్పులు జతలుగా ఉండాలి. మొదటి జత బాగా కిందికి ఉండాలి.

షాపుకి వెళ్లి మళ్లీ అన్ని కొన్నాను. ఈసారి డ్రిల్ చెయ్యలేదు. సంచీ ఎత్తితే భుజం దిగలాగింది. నేనే మోస్తాను.

అక్టోబర్ 5, బుధవారం

సెలవు పెట్టి లపీర్ బయల్దేరుతుంటే వసుమతి వచ్చి కారులో కూర్చుంది. జింకల సంగతి దేవుడే చూసుకుంటాడు, వాల్ట్ మాత్రం పడకూడదు అంది. చెట్టు కింద చీర మీద కోటు వేసుకుని నిలబడి స్టెప్పులు ఒక్కొక్కటే అందించింది. బకిల్ బిగించిన ప్రతిసారీ ఇంకొంచెం లాగండి అంది.

అక్టోబర్ 7, శుక్రవారం

కేరెన్ వచ్చింది. నాతో మర్యాదగా మాట్లాడింది. నేను ఎక్కడం ఒక్కసారి కళ్లతో చూడు, తర్వాత నీ ఇష్టం అని వాల్ట్ ఆమెని బతిమాలాడు. పడ్డ మనిషిని మళ్లీ ఎక్కించడానికి మీకు బుద్ధి ఉందా అని ఆమె నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

అక్టోబర్ 8, శనివారం

కేరెన్ చేతులు కట్టుకుని చెట్టుకి దూరంగా నిలబడింది. వాల్ట్ ఎడమకాలు పెట్టాడు. కుడికాలు దాని పక్కకి తెచ్చాడు. ఆగాడు. మళ్లీ ఎడమ. పసిపిల్లలు మెట్లెక్కినట్టు ఎక్కాడు. పీట మీద కూర్చుని టోపీ తీసి చూపించాడు.

మేము డొరొతీ వంటింట్లో కూర్చున్నాం. ఎనిమిదింటికి వెళ్తే బాణం వేశానన్నాడు. తగల్లేదట. అంత సంతోషంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు. కుడికాలు ముందు దించుకుంటూ జాగ్రత్తగా దిగాడు.

కేరెన్ చెట్టు దగ్గరికెళ్లి ఒక స్ట్రాప్ లాగి చూసింది. ఇంటి సంగతి స్ప్రింగ్ వచ్చాక మాట్లాడదాంలే డాడ్ అంది.

అక్టోబర్ 9, ఆదివారం

వాల్ట్‌నీ కేరెన్‌నీ భోజనానికి పిలిచాం. వాల్ట్ గుమ్మం దగ్గర ద్వారబంధం పట్టుకుని కుడికాలు ఎత్తబోయాడు. వసుమతి ఎదురెళ్లి, ఎడమకాలు పెట్టి రమ్మంది.