డ్రాగన్ ప్రేమ మీద నోరెత్తనని శపథం

మార్చి 3, సోమవారం

టిఫిన్ కొట్లో పొద్దుటి గిరాకీ అయిపోయింది. పెనం కడిగేశాను. ఇక శపథం!

మా అమ్మాయి యూతుంగ్ తెగ చదివే డ్రాగన్ నవల నాలుగు భాగాలూ నేనూ చదువుతాను. అందులో ప్రేమ సంగతి మీద మాత్రం ఒక్క మాట అనను. మెచ్చుకోను, తిట్టను, మూతి కూడా తిప్పను.

ఎందుకంటే ఆదివారం పక్క ఊరు కావోష్యుంగ్‌లో ఆ రచయిత్రి వచ్చి పుస్తకాల మీద సంతకాలు పెడుతుందట. మా అమ్మాయి దగ్గర రెండు టికెట్లున్నాయి. "నువ్వు నోరు మూసుకుని ఉండగలిగితే నిన్నే తీసుకెళ్తా. లేకపోతే మా క్లాసు పిల్లని" అంది.

పదకొండో తరగతి పిల్ల. ఈమధ్య నాతో మాట్లాడేదల్లా "తినేశా", "చార్జర్ ఏది" అంతే. ఏం చెప్పినా నేను దానిమీద ఏదో ఒకటి అంటానట. అందుకని చెప్పడమే మానేసింది. ఆదివారం రైల్లో పక్కపక్కన కూర్చుని వెళ్ళొచ్చు. నాకది చాలు.

మొదటి భాగం మొదలు. యుద్ధాలు అదిరాయి!

మార్చి 4

డ్రాగన్ రాకుమారుడు వచ్చాడు. మనిషి రూపంలో. వయసు నాలుగొందల ఏళ్ళు. కథలో పిల్లకి పదహారు.

ఏమీ అనలేదు. సోయా పాలు పొంగిపోయాయి. అయినా ఏమీ అనలేదు.

ఉపాయం! రొట్టెల సంచులకి వేసే రబ్బరు బ్యాండ్లు తెచ్చి ప్రేమ పేజీలన్నీ కట్టేశాను. పుస్తకం ఇప్పుడు చేపల బజారులో కట్టేసిన పీతలా ఉంది.

మార్చి 5

బ్యాండ్లు తీసేశాను. కథ అర్థం కావట్లేదు మరి. అదొక్కటే కారణం.

రాకుమారుడు ఆ పిల్లని "అందగత్తె" అన్నాడు. పిల్ల స్పృహ తప్పి పడిపోయింది! ఇదేం చోద్యం? మా తైనాన్‌లో టిఫిన్ కొట్టు నడిపే ప్రతి ఆడదీ "అందగాడా, ఏం కావాలి? అందగత్తే, మిరియాలు వెయ్యనా?" అని తెల్లారినప్పట్నుంచీ అంటూనే ఉంటుంది. నా కొట్టు ముందు ఒక్కడైనా స్పృహ తప్పాడా?

ఇది యూతుంగ్‌తో అనలేదు. గుడ్లు దింపే అసెంగ్‌తో అన్నాను. అసెంగ్ లెక్కలోకి రాడు.

"పడవ నడిపే కుర్రాడున్నాడుగా అక్కా, ఆ పిల్లకి వాడే మేలు" అన్నాడు.

"నువ్వెప్పుడు చదివావురా?"

"మా ఆవిడ చదువుతూ ఏడుస్తుంటే, ఏమైందోనని చూశా. నాలుగు భాగాలూ చూశా."

మార్చి 6

అసెంగ్‌తో చర్చ సాగింది. గిరాకీ వేళ. వరుసలో ఉన్నవాళ్ళూ దూరారు. బ్యాంకు గార్డు డ్రాగన్ పక్షం. నేను పడవ పక్షం. గరిటె ఊపుతూ గట్టిగానే అన్నాను: "నాలుగొందల ఏళ్ళుగా వాణ్ణి ఎవతీ చేసుకోలేదంటే వాడిలోనే ఏదో తేడా ఉంది!"

అందరూ నవ్వారు. వరుస చివర్లో ఒక్కళ్ళు నవ్వలేదు. యూతుంగ్. వెనకాల క్లాసు పిల్లలు.

"అమ్మా."

"నేనన్నది పెనం గురించి."

"పెనాన్ని ఎవరు పెళ్ళి చేసుకోవాలమ్మా?"

టిఫిన్ తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

మార్చి 7

మూడో భాగం. ఆ పిల్ల కోసం డ్రాగన్ తన రెక్కలు తనే కోసుకున్నాడు! అయ్యో నాయనా! పెనం మీద ముల్లంగి కేకు మాడి బొగ్గయింది. బ్యాంకు గార్డుకి క్షమాపణ చెప్పి ఊరికే సోయా పాలు పోశాను. ఇద్దరం ఏడ్చాం.

సాయంత్రం యూతుంగ్ గది తలుపు కొట్టాను. "వాణ్ణి తప్పుగా అనుకున్నానే! బంగారంలాంటి పిల్లాడు!"

తలుపు తెరుచుకుంది. "అమ్మా, రెక్కలు కోసుకొమ్మని ఆమె అడగలేదు. కోసుకుని, నీకోసం ఇంత చేశానని పేజీ పేజీకీ గుర్తు చేస్తాడు. నేను పడవ పక్షానికి మారిపోయా."

"వాడంటే ప్రాణం పెట్టేదానివిగా!"

"ఇప్పటికీ ఇష్టమే. కోపం కూడా. రెండూ ఉండకూడదా?"

నోరు తెరిచాను. మూసుకున్నాను. శపథం చేశాక యూతుంగ్ ఎదుట నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి.

మార్చి 9, ఆదివారం

తీసుకెళ్ళింది! క్లాసు పిల్లకి జలుబట. నిజమేనా అని అడగలేదు.

గంటసేపు వరుసలో నిలబడ్డాం. రచయిత్రి నవ్వుతూ అడిగింది: "మీరు ఎవరి పక్షం ఆంటీ?"

పెదాలు బిగబట్టాను. చెవుల్లోంచి ఆవిరి వచ్చేలా ఉంది.

"మా అమ్మకి గొంతు పోయిందండీ" అంది యూతుంగ్.

నా పుస్తకం మీద "త్వరగా కోలుకోండి" అని రాసి సంతకం పెట్టింది.

తిరుగు రైల్లో, తైనాన్ దగ్గరపడుతుంటే, కిటికీలోకి చూస్తూ చెప్పింది. "అమ్మా, ఒకబ్బాయి ఉన్నాడు. మా స్కూలే. నువ్వేమీ అనకూడదు."

అనలేదు! ఎవరు, ఏ ఇంటివాడు, మార్కులెన్ని? ఒక్కటీ అడగలేదు! కాసేపటికి నా భుజం మీద తల వాల్చింది. దిగేదాకా నేను కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది.

మార్చి 10

కొత్త శపథం. ఈ అబ్బాయి మీద ఒక్క మాట అనను.

పొద్దున్నే కొట్టుకి వచ్చాడు. యూతుంగ్ కనుసైగతో చూపించింది. సన్నగా, డొప్ప చెవులు. పేరు కూడా అడగలేదు. గుడ్డు రొట్టె వేసి చేతికిచ్చాను. అతను మలుపు తిరిగాడో లేదో యూతుంగ్ పెనం దగ్గరికి వచ్చింది.

"అమ్మా, రొట్టెకి ఒక గుడ్డేగా? అతనికి రెండేశావు."

"చెయ్యి జారింది."

"అది కూడా అనడమేనమ్మా." పెదాల చివర నవ్వు ఆపుకుంటోంది.

సరే. రేపట్నుంచి మళ్ళీ మొదలు. మాట లేదు. గుడ్డు ఒకటే. పెద్ద సైజువి తెమ్మని అసెంగ్‌కి ఫోన్ చేశాను.