కాటుక పుల్లతో కాయించిన కాయలు

సుభద్రా,

నువ్వు కడియం నర్సరీలో ముచ్చటపడి కొన్న అడీనియం, అదే ఎడారి గులాబీ మొక్కకి, నువ్వు పోయిన ఏడాది వానల్లోనే దుంప సగం కుళ్లింది. ఇంకో వానాకాలం గట్టెక్కదనిపించి, ఈ వేసవిలో పూయగానే పక్కింటి రమణమ్మ మొక్క పుప్పొడి తెచ్చి గింజల కోసం నీ కాటుక పుల్లతో దాని పూలకి అద్దాను.

“ఏంటి బాబాయిగారూ, పువ్వులకి కాటుక పెడుతున్నారా?” అంది రమణమ్మ.

“మీ పిన్ని పెట్టుకోదు కదమ్మా, పుల్ల ఖాళీగా ఉంది” అన్నాను.

ఆ కాటుక కథ చెప్పాలంటే మన పెళ్లినాటి పడవ ప్రయాణం దాకా వెళ్లాలి. వద్దులే.

కొమ్ముల్లా జంటకాయలు కాశాయి. పగిలితే గింజలు గాలికెగిరిపోతాయని నీ కుట్టుమిషను దారం చుట్టి కాపాడాను.

మొన్నటి ముసురుకి తల్లిమొక్క పోయింది. అప్పటికే నేను నాటిన దాని గింజలు మొలకెత్తాయి. పొద్దున్నే లేవడానికి నాకో పని మిగిల్చావు, సంతోషం.

రమణమ్మ ఒక మొలక అడిగింది. “తీసుకో, మీ పిన్ని ఇచ్చింది” అన్నాను. అబద్ధమేం కాదుగా!