పెరటి తలుపు గడియ

చిన్నారీ,

తాతయ్య సంతాపసభలో, ఆయన ఈ ఇల్లు ఈ నానమ్మ కోసమే కట్టారన్నావు. కాదమ్మా. వంతెనలు కట్టి రిటైరైన ఆ ఆరడుగుల ఇంజనీరు దీన్ని తన కొలతలకే కట్టుకున్నారు. పెరటి తలుపు గడియ నాకందదని ఆనాడే చెప్పాను. "తీయడానికి నేనున్నాగా" అన్నారు. ఉన్నన్నాళ్లూ తీశారు, వంక పెట్టను.

ఇప్పుడు మీ నాన్న దొంగల భయంతో ఆ గడియ పెట్టి, వీధి తలుపుకు బయట తాళం వేసి ఆఫీసుకెళ్తాడు. సాయంత్రందాకా నేను లోపలే. గడియ కిందికి దింపించరా అంటే, "నాన్న చేత్తో బిగించిందమ్మా, ముట్టుకోకు" అంటాడు. ముట్టుకోగలిగితే నీకీ ఉత్తరమెందుకు? కవరు అంటించి వాడి చేతికే ఇస్తున్నాను.

సోమవారం వాడు వెళ్లాక, వడ్రంగిని వెంటబెట్టుకుని రా. నీ దగ్గరున్న తాళంచెవి మరిచిపోకు. ఆ గడియనే నా భుజమెత్తుకు దింపమను. పైనున్న చిల్లులు మాత్రం పూడ్చవద్దను. మీ నాన్నకు చూసుకోవడానికి అవి చాలు.

నానమ్మ