పిడికెడు బియ్యపు చదువు

పుంగనూరు, 1947, ఆదివారం రాత్రి

ప్రార్థన చేసుకున్నా కోపం చల్లారలేదు. అందుకే కలం పట్టాను.

మద్రాసులో కార్మిక సంక్షేమం చదివే నా కూతురు సుగుణ సెలవులకు వచ్చింది. మా చర్చి సంఘపెద్ద ప్రకాశప్ప వేరుశనగ మిల్లుకు వెళ్లి, పనివేళల్లో చంటిబిడ్డల్ని ఎక్కడ పడుకోబెడతారని కూలివాళ్లను అడిగింది. అంతే!

ఈరోజు ఆరాధన కాగానే ఆయన అందరి ముందూ, "సంఘం సొమ్ముతో సదివి నా మిల్లుకే ఎసరు పెడతాండాది. ఇంక సాయం నిలిపేస్తాండాను" అన్నాడు.

వంటకు ముందు మేం ఆడవాళ్లం చర్చికని తీసిపెట్టే పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన సొమ్మది. దాన్ని ఆపడానికి ఆయనెవరు?

నేను నోరు తెరిచేలోపే ఆయన మిల్లు కూలి మరియమ్మ లేచి, "ఆ బియ్యం మాదప్పా. మీ ఇంట్లోంచి ఒక్క గింజన్నా వచ్చిండాదా?" అంది. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. బియ్యం మేమే పెడుతున్నాం, కాబట్టి సుగుణ చదువు ఆగదు.

కానీ రేపు మరియమ్మను పనిలోకి రానిస్తాడో లేదో...

సుగుణా, ఈ పేజీలు నీకు దొరికితే దాచు. మరియమ్మ ఆ మిల్లులో ఉన్నన్నాళ్లూ ఎవరికీ చూపకు.