ఎర్ర గుర్తుకి కారణం

అత్‌బాషీ,
సోమవారం

సాయ్‌కల్ అక్కకి,

ఒళ్లు మండిపోతూ, అయినా ప్రేమతోనే రాస్తున్నాను. ఫోన్లో అరిస్తే పెట్టేస్తావు. అందుకే కాగితం మీద అరిచి, బిష్కెక్ వ్యాన్ డ్రైవరు చేతికిస్తున్నాను. చదవకుండా చించావో, వచ్చి నీ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటాను!

మీ పరీక్షల కేంద్రం మా బడికి అంటగట్టిన కంప్యూటర్ పరీక్ష సంగతే. ఏడాదంతా పిల్లలు సాధన చేసేదీ దాని మీదే, చివర్న సీట్లు తేల్చేదీ అదే. మా ఎనిమిదో తరగతిలో బేగాయిమ్ అని గొర్రెల కాపరి కూతురుంది. నరీన్‌లో లెక్కల గురుకులం సీటు మూడు మార్కుల తేడాతో పోయింది. రెండో అవకాశం శుక్రవారం. అదీ పోతే వాళ్ల నాన్న చదువు మాన్పించి మేతకొండల మీదికి తీసుకుపోతాడు. "పిల్ల పనికిరాదని మిషనే అంటుంటే మీరు కాదంటారేం టీచరమ్మా?" అని నా మొహం మీదే అడిగాడు.

పోయిన మూడూ వయసు లెక్కలే. 2001లో పుట్టినవాడికి 2013లో ఎన్నేళ్లు? పిల్ల పదమూడంది. మన అమ్మమ్మ ఎలా లెక్కపెట్టేది? కడుపులో ఉన్న ఏడాది కలపకుండా ఏనాడైనా చెప్పిందా? అలా పన్నెండేళ్లకే నీకు పదమూడు నిండాయని, నూనెలో వేయించిన బొర్సోకులు వీధంతా పంచలేదూ? ఈ పిల్లా అలాగే కూడింది. మీ మిషను ఏడాది పొడుగునా ఎర్ర గుర్తు పెట్టిందే గానీ, ఎందుకు తప్పో ఒక్క ముక్క చెప్పి చావలేదు! చెబితే దాని సొమ్మేం పోయింది?

ఇంకోటుంది, ఎవరికీ చెప్పలేదు. నేనూ ఆ పిల్ల చిత్తుకాగితం చూడలేదక్కా. మిషను "తీసివేతలు రావు" అందని, రోజూ గంట ముందే రప్పించి నెలరోజులు తీసివేతలే చేయించాను. మొన్న ఏడుస్తూ, "నా బుర్రింతే టీచర్, వదిలేయండి" అంది. అప్పటికి గానీ ఎలా చేశావే అని అడగలేదు. నా మీద నాకే అసహ్యమేసింది. ఇక ఈ పరీక్షకి ఏ పిల్లనీ కూర్చోబెట్టను. ఉద్యోగం పోతే పోనీ.

నీ బురుల్

బిష్కెక్,
బుధవారం

బురుల్‌కి,

తిట్లన్నీ అందాయి. ఇప్పుడు నా మాట విను. ప్రతి జవాబు కిందా వివరణ రాశాం. "కడుపులో ఏడాది కలపొద్దు" అని రాసింది నేనే, ఆ లెక్క దగ్గర నేనూ పప్పులో కాలేశాను కనక. మీ బడికవి ఎందుకు కనబడటంలేదా అని వెతికాను. ఉన్నవి ఆరే కంప్యూటర్లు, వివరణలు చదువుతూ పిల్లలు ఆలస్యం చేస్తున్నారు, తీసేయండి అని సెప్టెంబరులో మీ బడి నుంచే అర్జీ వచ్చింది. కింద సంతకం నీదేనే. ఇవాళ మళ్లీ పెట్టించాను. శుక్రవారం ఆ పిల్లని పంపకపోయావో, చెవి మెలేస్తాను.

అక్క

అత్‌బాషీ,
ఆదివారం

అక్కా,

సంతకం నాదే. వివరణలంటే ఏమిటో కూడా చూడలేదు. త్వరగా ఇంటికెళ్లొచ్చని పెట్టేశాను, మర్చిపోయాను. నిన్ను అన్ని మాటలన్నాను, క్షమించు.

శుక్రవారం బేగాయిమ్‌ని పంపాను, సీటొచ్చింది. వాళ్ల నాన్న టోపీ తీసి నాకు దండం పెట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

పిల్ల మాత్రం నవ్వలేదు. "నాకు రావని ఏడాదంతా ఎందుకన్నారు టీచర్?" అంది. అర్జీ సంగతి, కాగితం చూడని సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను.

అంతా విని, "నా తప్పేంటో కూడా ఇలాగే చెప్పుంటే సరిపోయేదిగా" అని సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

బురుల్